నాణెం మీద నాయకుడు

నాణెం మీద ఎవరి బొమ్మ వేయాలి అనే విషయం విమర్శకులు పట్టించుకోదగ్గదేనా అని కొందరు పాఠకులు అడగవచ్చు. పట్టించుకోదగ్గదనే నేనంటాను. ఒక దేశంలో అందరి చేతుల్లోకీ వెళ్ళేది, అక్షరం వచ్చినవాడికీ రానివాడికీ సమానంగా చేరేది కావ్యం కాదు, నవల కాదు, దినపత్రిక కూడా కాదు, రూపాయి. దాని మీద బొమ్మ ఉంది, అక్షరం ఉంది, కూర్పు ఉంది, అన్నిటికీ మించి ఉద్దేశం ఉంది. ఉద్దేశంతో చేసిన రచన ఏదైనా విమర్శకు లోబడవలసిందే. పైగా ఈ రచనకు కర్త ప్రభుత్వం. నచ్చని నవలను మనం మూసి పక్కన పెట్టవచ్చు. నచ్చలేదని రూపాయిని పక్కన పెట్టే పాఠకుడు ఉండడు. అలాంటి రచన గురించి విమర్శ మరింత నిష్కర్షగా ఉండాలి.

తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న 2023లో బాగా దగ్గరికి వచ్చింది. ఆ సంవత్సరం ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రాష్ట్రపతి భవన్‌లో నందమూరి తారక రామారావు శతజయంతి నాణెం విడుదల చేశారు. విలువ వంద రూపాయలు. అడ్డుకొలత 44 మిల్లీమీటర్లు. సగం వెండి, నలభై పాళ్ళు రాగి, తక్కినది నికెలు, జింకు. ముద్రించింది హైదరాబాదు టంకశాల. ఒకవైపు అశోకుని సింహాలు, రెండోవైపు రామారావు ముఖం, 1923–2023 అన్న అంకెలు. అంతకుముందు 2015లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పేర కూడా నాణేలు వచ్చాయి. ఆయన తిరుపతిలో చదువుకున్నవాడే అయినా, ఆ నాణెం గురించి మా ప్రాంతంలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. రామారావు నాణెం గురించి మాత్రం టీ అంగళ్ళలో కూడా మాట్లాడుకున్నారు. కొందరు సంతోషించారు, కొందరు ఎగతాళి చేశారు. కాని నేనుండే వడమాలపేటలో ఆ నాణెంతో ఎవరూ ఏదీ కొనలేదు. కొనడానికి దొరకదు. అది చెలామణి కోసం పుట్టిన నాణెం కాదు. ముఖవిలువ వంద రూపాయలు. అమ్మిన ధర వేలల్లో. అంటే, నాణెం కొనవలసిన వస్తువయింది, వస్తువులను కొనేది కాలేదు.

ఈ నాణేన్ని ఒక రచనగా చదువుదాం. మొదట కొట్టవచ్చినట్టు కనబడేది భాష. తెలుగువారి ఆత్మగౌరవం అనే నినాదంతో 1982లో పార్టీ పెట్టి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన మనిషి పేరు ఆ నాణెం మీద నాగరి లిపిలో ఉంది. తెలుగక్షరం లేదు. మన నాణేల మీద సాధారణంగా హిందీ, ఇంగ్లీషు తప్ప వేరే భాషకు చోటు లేకపోవడం కొత్త సంగతి కాదు. కాని ఇంతటి వైరుధ్యం ఎప్పుడూ ఇంత బాహాటంగా బయటపడలేదు. చెలామణిలో ఉండే పది రూపాయల నోటు వెనక భాషల వరసలో ‘పది రూపాయలు’ అని తెలుగులో ఉంటుంది. ఎవరి ముఖమూ అడగకుండా ఆ నోటు తెలుగువాడికి ఇచ్చిన గౌరవాన్ని, తెలుగు నాయకుడి ముఖం మోసిన వెండి నాణెం ఇవ్వలేకపోయింది.

రెండోది ఇంకా ముఖ్యం. రామారావుకూ డబ్బుకూ ఉన్న నిజమైన చారిత్రక సంబంధం ఏమిటి? కిలో బియ్యం రెండు రూపాయలు. 1983లో మొదలైన ఆ పథకం వల్ల మా ప్రాంతంలో చెరుకు నరికే కూలివాడు, వేరుశనక్కాయలు వొలిచే ముసలమ్మ ఆయనను తలుచుకున్నారు. రాగిసంకటి, జొన్నకూడు తప్ప ఎరగని ఇళ్ళలో వరన్నం పండుగనాటి వంట కాకుండా పోయింది. ఆ రెండు రూపాయల మీద రామారావు ముఖం లేదు. ఉండవలసిన అవసరమూ లేకపోయింది. ఆ డబ్బు కొన్న బియ్యమే ఆయన గుర్తు. రెండు రూపాయలకు ప్రాణం పోసిన మనిషిని, గింజ కొనలేని వంద రూపాయల మీద కూర్చోబెట్టడం గౌరవమా, జ్ఞాపకాన్ని అసలు అర్థంనుంచి విడదీయడమా? విడదీయడమేనని నా అభిప్రాయం. పాలకవర్గాలు తమకు ఇబ్బంది కలిగించే విధానాన్ని వదిలేసి ఇబ్బంది లేని ముఖాన్ని స్వీకరిస్తాయి. సబ్సిడీలు దండగ అని పాఠం చెప్పే ఢిల్లీ, సబ్సిడీ బియ్యం పెట్టిన మనిషి ముఖాన్ని వెండిలో పోతపోసింది. ముఖం చవక, బియ్యం ఖరీదు.

రామారావు పాలనలో మరో పేజీ కూడా ఉంది. 1985 జూలై 17న కారంచేడులో దళితులను వేటాడి చంపారు. అప్పుడు ముఖ్యమంత్రి ఆయనే. ఆ ఘటన తర్వాత పుట్టిన దళిత ఉద్యమం తెలుగు సమాజాన్నీ తెలుగు సాహిత్యాన్నీ మార్చివేసింది. చరిత్ర పుస్తకంలో రెండు రూపాయల బియ్యానికీ కారంచేడుకూ రెండింటికీ చోటుంటుంది, ఉండి తీరాలి. నాణెం మీద ఉండదు. జనం నాణేనికి బొమ్మా బొరుసూ అంటారు. మనిషికీ బొమ్మా బొరుసూ ఉంటాయి. కాని నాయకుణ్ణి నాణెం మీద వేసినప్పుడు బొమ్మ మాత్రమే ఆయనది, బొరుసు మీద రాజ్యం ముద్ర పడుతుంది. ఆ రాజకీయ జీవితపు బొరుసుకు ఎక్కడా చోటు దొరకదు. విమర్శకు తావివ్వని రూపం ఇది. నాయకులను నాణేల మీద వేయరాదనడానికి నా మొదటి కారణం ఇదే. ఆ నాయకుడు మంచివాడా చెడ్డవాడా అన్నదానితో దీనికి నిమిత్తం లేదు.

దీనిని చరిత్రలో పెట్టి చూడాలి. ముఖాన్ని నాణేనికి ఎక్కించే ఆచారం మనకు పరాయిది కాదు. శాతవాహనులు వెండి నాణేల మీద తమ ముఖాలు ముద్రించుకున్నారు. పడమటి క్షత్రపులను చూసి నేర్చుకున్నారు. ఆ నాణేలకు ఒకవైపు ప్రాకృతం, రెండోవైపు దక్షిణాది దేశి భాష. పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందట రాజు తన ముఖం చూపించినప్పుడు జనం మాటను కూడా పక్కన పెట్టుకోవాలని ఎరుగును! ఇక ముఖం ఎంతకాలం నిలిచిందో కూడా అదే చరిత్ర చెబుతుంది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13,000కు పైగా వెండి నాణేలు దొరికాయి. అవి క్షత్రప రాజు నహపానుడివి. వాటిలో 9,000కు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మళ్ళీ కొట్టించాడు. ఓడిన రాజు ముక్కు మీద, కళ్ళ మీద గెలిచిన రాజు గుర్తులు. వెండి మారలేదు, బరువు మారలేదు. ఆ వెండిని తవ్వినవాడి బతుకు మారిందనడానికి ఆధారమూ లేదు. మారింది ముద్ర ఒక్కటే. ముఖం ఎక్కిన నాణెం తర్వాతివాడి సుత్తిని పిలుస్తుంది.

విజయనగర రాజులు వేరే దారి పట్టారు. కృష్ణదేవరాయలు తిరుమలలో తనవీ, ఇద్దరు దేవేరులవీ లోహ విగ్రహాలు నిలబెట్టుకున్నాడు. వరహాల మీద మాత్రం బాలకృష్ణుడినీ వేంకటేశ్వరుడినీ ఉంచి, తన పేరు వెనక రాయించాడు. చంద్రగిరి ఏలిన వెంకటపతిరాయల వరహా మీద వేంకటేశ్వరుడు నిలబడ్డాడు. దీన్ని భక్తి అని సరిపెట్టుకుంటే పొరపాటు. తిరుమల కొండకు వచ్చే వర్తకుడు, యాత్రికుడు, సేనాని, అందరూ నమ్మే గుర్తు కావాలి రాజుకు. దేవుడి నమ్మకాన్ని అప్పు తెచ్చుకుని నాణేనికి పూచీ పెట్టారు. దీన్ని అందరికంటె బాగా గ్రహించినవాళ్ళు ఈస్టిండియా కంపెనీ వర్తకులు. వాళ్ళు మద్రాసులో తొలిరోజుల్లో ముద్రించిన వరహాల మీద తమ రాజు ముఖం లేదు. వేంకటేశ్వరుడూ ఇద్దరు దేవేరులూ ఉన్నారు. దేశం చేజిక్కేదాకా మన దేవుడు; చేజిక్కిన తర్వాత 1835లో నాలుగో విలియం రాజు ముఖం. 1840లో విక్టోరియా. నాణెం మీద ముఖం ఎప్పుడు ఎక్కుతుందో ఇంతకంటె స్పష్టంగా చెప్పనక్కరలేదు: ఇక ఎవరి నమ్మకాన్నీ అడుక్కోనక్కరలేదని అధికారానికి అనిపించినప్పుడు.

జనం ఈ బొమ్మలను చూడకుండా ఊరుకోలేదు. 1911లో అయిదో జార్జి రూపాయి వచ్చింది. రాజు అంగీ మీద చెక్కిన ఏనుగు పందిలా కనిపిస్తోందని దేశంలో గగ్గోలు పుట్టింది. సామ్రాజ్య ప్రభుత్వం 1912లో ఆ బొమ్మను దిద్దవలసి వచ్చింది. చదువురానివాడికి బొమ్మ పట్టదనేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇటు హైదరాబాదు రాజ్యంలో నిజాం తన ముఖాన్ని కాక చార్మినారును హాలీ సిక్కా మీద వేయించాడు. తన పేరులో మొదటి అక్షరాన్ని ఆ కట్టడం గుమ్మంలో ఇరికించాడు. ముఖం వేయనంతమాత్రాన నిజాం పాలన ప్రజాస్వామికం కాలేదు, వెట్టి తగ్గలేదు. కాబట్టి ముఖం తీసేస్తే న్యాయం వచ్చేస్తుందని నేను చెప్పడం లేదు. ముఖం ఉండడం ఏం చేస్తుందో అంతవరకే చెబుతున్నాను.

స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన ఒక చర్చను మన చరిత్ర పుస్తకాలు తగినంతగా పట్టించుకోలేదు. 1947 తర్వాత కూడా ఆరో జార్జి ముఖంతోనే నోట్లు, నాణేలు నడిచాయి. ఆ ముఖం స్థానంలో గాంధీ ముఖం వేద్దామని మొదట అనుకున్నారు. నమూనాలు కూడా తయారయ్యాయి. చివరకు వద్దనుకుని సారనాథ్ సింహాలను ఎంచుకున్నారు. 1949లో కొత్త రూపాయి నోటు ఆ సింహాలతో వచ్చింది. 1950 ఆగస్టు 15న గణతంత్రపు తొలి నాణేలు వచ్చాయి. రాజు కుర్చీ ఖాళీ అయింది, అందులో ఎవరినీ కూర్చోబెట్టలేదు. గాంధీ చంపబడి ఏడాది దాటీ దాటని రోజులవి. ఆయన మీద ప్రేమ తక్కువై అలా చేశారని ఎవరూ అనలేరు. రాజు ముఖం ఉన్నచోట ఇంకొక ముఖం పెడితే, అది ఎంత పవిత్రమైన ముఖమైనా, ఆ చోటు రాజుదిగానే మిగులుతుంది. ఆ నిర్ణయం చేసినవారు ఈ మాట అన్నారో లేదో గాని, వారు చేసినదాని అర్థం ఇదే.

ఈ నిర్ణయం ఎలా కరిగిపోయిందో చూడండి. 1964లో నెహ్రూ చనిపోగానే ఆయన ముఖంతో అర్ధరూపాయి, రూపాయి వచ్చాయి. 1969లో గాంధీ శతజయంతికి నాణేలూ నోట్లూ వచ్చాయి. ఆ నోట్ల మీద గాంధీ సేవాగ్రామ్ కుటీరం ముందు కూర్చుని ఉన్నాడు. 1985లో ఇందిర నాణేలు. 1987లో అయిదు వందల నోటు మీద గాంధీ. 1996 నుంచి వరసగా అన్ని నోట్ల మీదా గాంధీ. పండుగకు వచ్చిన చుట్టం ఇంటిమనిషి అయినట్టు, స్మారకంగా మొదలైనది నియమంగా స్థిరపడింది. ఇందులో ప్రజలను అడిగిన సందర్భం ఏదీ లేదు. నాణెం రూపాన్ని నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వం. నోటు రూపాన్ని రిజర్వు బ్యాంకు కేంద్ర బోర్డు సిఫారసు చేస్తే కేంద్ర ప్రభుత్వం ఆమోదిస్తుంది. చట్టంలో 25వ సెక్షను అదే చెబుతుంది. పార్లమెంటులో చర్చించాలన్న నిబంధన లేదు.

ముఖం ఉండాలనేవారి వాదాలను కూడా న్యాయంగా పరిశీలించాలి. ముఖం ఉంటే దొంగనోటు పట్టుకోవడం తేలిక అంటారు: మనిషి కన్ను ముఖంలోని చిన్న తేడాను కూడా గుర్తిస్తుందని. ఇందులో కొంత నిజం ఉండవచ్చు. కాని 2002 నుంచి యూరో నోట్లు కిటికీలతో, వంతెనలతో నడుస్తున్నాయి. ఏ నాయకుడి ముఖమూ లేదు. అయినా మనిషి ముఖం అవసరమైతే నాయకుడి ముఖమే ఎందుకు కావాలో ఈ వాదం చెప్పదు.

గాంధీ ముఖం దేశాన్ని కలుపుతుంది అంటారు. 2016 నవంబరు 8 రాత్రి అయిదు వందల, వెయ్యి రూపాయల నోట్లు రద్దయ్యాయి. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో సుమారు 86 శాతం అది. రద్దయిన నోటు మీదా గాంధీయే, దాని స్థానంలో వచ్చిన నోటు మీదా గాంధీయే. పుత్తూరులో, నగరిలో మగ్గాల కూలీలు, మామిడితోటల కూలీలు ఆ ముఖాన్ని చేతిలో పట్టుకుని బ్యాంకుల ముందు నిలబడ్డారు. ముఖం వాళ్ళను ఆదుకోలేదు. నోటుకు ప్రాణం బొమ్మలో లేదు, దాని మీది గవర్నరు సంతకంలో, అంటే రాజ్యం ఇచ్చిన మాటలో ఉంది. ఆ మాట తప్పినప్పుడు, తప్పినవాడి ముఖం మనకు కనబడదు. ఎప్పుడో చనిపోయిన నిర్దోషి ముఖం కనబడుతుంది. ముఖం ఇక్కడ కలపలేదు, అడ్డం నిలబడింది.

ఇంతకంటె బలమైన వాదం ఘనా నాయకుడు క్వామే ఎన్‌క్రుమాది. 1957లో స్వతంత్రం వచ్చిన వెంటనే ఇంగ్లండు రాణి తలను తీసేసి తన తలను నాణేల మీద వేయించడానికి పూనుకున్నాడు. ఎందుకంటే, నా ప్రజలలో చాలామందికి చదవడం రాదు, తాము నిజంగా స్వతంత్రులయ్యామని వాళ్ళకు గుర్తుల ద్వారానే తెలియాలి అన్నాడు. వలస పాలన చవిచూసిన మనం ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టివేయలేం. తెల్లరాణి ముఖం పోయిన చోట నల్లమనిషి ముఖం కనిపించడం సామాన్యమైన సంగతి కాదు. అయితే ఏం జరిగింది? 1966లో సైనికులు ఆయనను కూలదోశారు. ఆయన ముఖం ఉన్న డబ్బును ఉపసంహరించి మరుసటి ఏడే కొత్త డబ్బు తెచ్చారు. ప్రజల స్వాతంత్ర్యాన్ని ఒక ముఖానికి ముడివేస్తే, ఆ ముఖాన్ని చెరిపినవాడు ప్రజల స్వాతంత్ర్యాన్ని కూడా చెరిపినట్టు భ్రమ కలిగించగలడు. ఇరాన్‌లో 1979 తర్వాత షా ముఖం మీద అచ్చు కొట్టి నోట్లు నడిపారు. జైరులో 1997లో మొబుటు ముఖాన్ని కత్తిరించి, ఆ కన్నంతోనే నోట్లు వాడారు. జోగల్‌తంబి ఎక్కడికీ పోలేదు.

మన శిబిరం ఈ జబ్బుకు అతీతమని చెప్పడానికి వీలులేదు. అభ్యుదయవాదులం అయినందుకు మనం ముందుగా మన ఇల్లు చూసుకోవాలి. 1938 నాటి సోవియట్ రూబుళ్ళ మీద గని కార్మికుడు, సైనికుడు, విమాన చోదకుడు ఉన్నారు. కాని అంతకు ముందు ఏడాది పెద్ద విలువల నోట్ల మీద లెనిన్ ఎక్కాడు: చిన్న నోటుకు కార్మికుడు, పెద్ద నోటుకు నాయకుడు. చైనాలో 1962 నుంచి వచ్చిన నోట్ల వరసలో ట్రాక్టరు నడిపే స్త్రీ ఉంది, లేతుయంత్రం మీద పనిచేసే కార్మికుడు ఉన్నాడు, ఉక్కు కరిగించే మనిషి ఉన్నాడు. మావో బతికినంత కాలం ఆయన ముఖం ఆ వరసలో రాలేదు. 1999 నుంచి వచ్చిన వరసలో ట్రాక్టరు నడిపే స్త్రీ లేదు. మావో ఒక్కడే ఉన్నాడు. బజారు గేట్లు బార్లా తెరిచిన తర్వాతనే డబ్బు మీద మావో ఒంటరిగా నిలబడ్డాడన్న సంగతిని విద్యార్థి మిత్రులు జాగ్రత్తగా ఆలోచించాలి. సిద్ధాంతం పలుచబడిన కొద్దీ ముఖం దట్టమవుతుంది.

పెట్టుబడిదారీ దేశాలు ఈ విషయంలో మనకు ఆదర్శం అని కాదు. అయినా 1792లో అమెరికా శాసనసభ అధ్యక్షుడి తలను నాణెం మీద వేయడం రాజరికపు పోకడ అని తిరస్కరించింది. 1866లో బతికున్నవాళ్ళ ముఖాలు డబ్బు మీద వేయరాదని చట్టం చేసింది. ఆ దేశమే 2025లో బతికున్న అధ్యక్షుడి ముఖంతో డాలరు నాణెం ముసాయిదా తయారు చేసుకుంది. రిపబ్లిక్కులు ఎప్పటికప్పుడు కాపాడుకోవలసిన వస్తువులు.

ఇక అతి కష్టమైన ప్రశ్న అంబేద్కర్‌ది. 2022 అక్టోబరులో అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి నోట్ల మీద లక్ష్మీ గణపతుల బొమ్మలు వేయాలన్నాడు. వెంటనే అంబేద్కర్ బొమ్మ వేయాలని ఇతరులు అడిగారు. ఈ రెండు కోరికలూ ఒక్క తక్కెట్లో తూగవు. మొదటిది దరిద్రానికి విధానంతో కాక బొమ్మతో మందు వేయాలనే మాయ. రెండోది ఎన్నడూ లెక్కలోకి రాని జనం, మమ్మల్ని లెక్కపెట్టండి అనడం. పైగా రూపాయి సమస్య మీద 1923లోనే లండన్‌లో గ్రంథం ప్రచురించిన ఆర్థికవేత్త ఆయన. మన ద్రవ్య విధానాన్ని విచారించిన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పినవాడు. నోటు మీద ముఖం యోగ్యతతో వచ్చేదయితే ఆయనకు మించిన యోగ్యుడు ఎవరు? ఈ కోరిక వెనక ఉన్న న్యాయాన్ని గుర్తించకుండా ‘ఎవరి ముఖమూ వద్దు’ అని ముక్తసరిగా చెప్పడం, అన్ని కుర్చీలూ నిండిన తర్వాత నిలబడ్డవాడితో ఇక కుర్చీల పద్ధతి రద్దు అనడం లాంటిది. కాబట్టి ముఖాలు తీయడం మొదలుపెడితే ఉన్న ముఖం నుంచి మొదలుపెట్టాలి, అడుగుతున్న ముఖం నుంచి కాదు.

అయినా అంబేద్కర్ ముఖం నోటు మీదికి ఎక్కాలని నేను కోరను. దానికి కారణం ఆయనే చెప్పాడు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గాని, రాజకీయాలలో భక్తి పతనానికీ చివరకు నియంతృత్వానికీ దారి అని హెచ్చరించాడు. ఆ ఏడాదే సింహాల రూపాయి వచ్చింది. ఆ రెండూ కలిపి చదవాలి. ఇప్పటికే 1990లో, 2015లో ఆయన పేర నాణేలు వచ్చాయి. ఆ నాణేలను చూపి భూమి ప్రశ్ననూ ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల ప్రశ్ననూ వాయిదా వేయడం పాలకులకు ఎంత తేలికో మనం చూశాం.

ఇది ఢిల్లీ జబ్బు మాత్రమే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. నాణెం రాష్ట్రం చేతిలో లేదు గనుక మన రాష్ట్ర నాయకులు చేతిలో ఉన్న కాగితాల మీద ముద్ర వేసుకున్నారు. 2019–24 నడుమ భూముల రీసర్వే జరిపి ఇచ్చిన పట్టాదారు పాసుపుస్తకాల మీద ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఫొటో అచ్చయింది. తాతలనాటి చేనికి హక్కుపత్రం మీద ముఖ్యమంత్రి ముఖం! రైతుకు అది కరెన్సీ నోటు కంటె విలువైన కాగితం. 2024లో ప్రభుత్వం మారింది. ఆ ఫొటో తీసేసి రాజముద్రతో పుస్తకాలు ఇస్తామన్నారు. ఆ నిర్ణయం సరైనదే. అయితే విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో రామారావు నుంచి రాజశేఖర రెడ్డికి మారి, 2024లో మళ్ళీ రామారావుకు వచ్చింది. అంటే చేతి సుత్తిని ఎవరూ కింద పెట్టలేదు. నహపానుడి ముక్కు మీద శాతకర్ణి, శాతకర్ణి ముక్కు మీద ఇంకొకడు. ఒక పార్టీ చేస్తే వ్యక్తిపూజ, ఇంకో పార్టీ చేస్తే సంస్కారం అనే విమర్శ విమర్శ కాదు, కరపత్రం.

అయితే డబ్బు మీద ఏముండాలి? శ్రామికుడి బొమ్మ వేయండి అని మనవాళ్ళు వెంటనే అంటారు. నాకూ ఆ ఆశ ఉంది, కాని అనుమానం కూడా ఉంది. మన అయిదు రూపాయల నోటు వెనక ట్రాక్టరు నడిపే రైతు ఉన్నాడు. రాయలసీమ రైతు అప్పుల్లో మునిగి పురుగుమందు తాగిన సంవత్సరాలలో కూడా ఆ నోటు మీది రైతు ట్రాక్టరు నడుపుతూనే ఉన్నాడు. శ్రామికుణ్ణి బొమ్మ చేసి, బొమ్మతో సరిపెట్టడం కూడా పాలకవర్గానికి తెలిసిన విద్యే. నాయకుడి ముఖం అబద్ధం చెప్పగలిగితే శ్రామికుడి బొమ్మ కూడా చెప్పగలదు. నా సూచన అంతకంటె చిన్నది. డబ్బు ఒక మాట, ఒక పూచీ. పూచీకత్తు మీద ఉండవలసినవి అంకె, ఇచ్చిన మాట, ఇచ్చినవారి ముద్ర. అది పుచ్చుకునేవాడికి తెలిసిన భాషలో, తెలిసిన లిపిలో ఉండాలి. నాణేల మీద కూడా తెలుగుకూ, ఇతర భాషలకూ చోటివ్వాలి. కళ్ళు లేనివాడి వేలికి విలువ తెలిసేటట్టు ఉండాలి. రూపం మార్చేటప్పుడు పార్లమెంటులో చర్చ జరగాలి. ఇవి నాయకుల ముఖాలకంటె ఎక్కువ గౌరవం ఇస్తాయి. ఆ గౌరవం డబ్బు పట్టుకున్నవాడికి దక్కుతుంది.

మా వడమాలపేట మండలంలో అప్పలాయగుంట ఉంది. అప్పు లేకుండా, కూలివాళ్ళకు బాకీ పడకుండా తవ్వించిన గుంట గనుక ఆ పేరు వచ్చిందని జనం చెప్పుకుంటారు. నిజమో కాదో భాషావేత్తలు తేలుస్తారు. నాకు ముఖ్యమైనది జనం ఏం గుర్తు పెట్టుకోదలచుకున్నారు అన్నది. తవ్వించినవాడి ముఖం ఎలా ఉండేదో ఆ కథలో లేదు. కూలి బాకీ లేదన్న మాట ఒక్కటే మిగిలింది. రామారావు గురించి కూడా చివరకు జనంలో మిగలబోయేది రెండు రూపాయల మాటే. 44 మిల్లీమీటర్ల వెండి కాదు. నాయకుడు నిజంగా పనిచేసి ఉంటే ఆ పని జనం నోటిలో అన్నంగా, చేతిలో హక్కుగా ఉంటుంది. అలాంటివాడికి నాణెం అక్కరలేదు. పనిచేయనివాడికి నాణెం చాలదు.